మెట్ల మలుపులో సోఫా

ఆ రోజు పొద్దున పిచ్చుక వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికల్లా తయారవడం, మూడంతస్తుల మెట్లు దిగడం, వీధి చివర నాన్న నడిపే బస్సు ఎక్కడం, ఇన్సూరెన్సు ఆఫీసు ముందు దిగి ఇంటర్వ్యూకి హాజరవడం. ఇందులో కష్టమైనది చివరిదొక్కటే అనుకుంది. మెట్లు దిగడం గురించి కూడా ఆలోచించుకోవాలని ఎవరు మాత్రం అనుకుంటారు?

పిచ్చుక అసలు పేరు సర్టిఫికెట్ల మీద మాత్రమే ఉంది. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని ఇంట్లో ఆ పేరు పెట్టారు. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా ఆ పిల్ల పేరు నిలబెట్టుకుంటూనే ఉంది. చదువవగానే కుట్టుపని నేర్చుకుంటానని వెళ్ళింది. ఒక ఖరీదైన గుడ్డను కత్తిరిస్తూ దాని కిందున్న తన పదడుగుల కొలత టేపును కూడా కలిపి కత్తిరించేయడంతో ఆ విద్య అక్కడితో ముగిసింది. తర్వాత ఫర్నిచర్ దుకాణంలో చేరింది. సోఫాలు అమ్మిపెట్టవమ్మా అంటే, అసలవి లోపల ఎలా ఉంటాయో చూద్దామని ఒకదాన్ని విప్పి కూర్చుంది. విప్పిన సోఫాను చూసి కొనడానికి వచ్చినవాళ్ళు మనసు మార్చుకున్నారు. పిచ్చుక విషయంలో యజమాని కూడా మార్చుకున్నాడు. ఆ పైన ఒక నాటకాల కంపెనీలో సెట్లు సర్దే పని. అంతఃపురాన్ని ఇరుకు తలుపులోంచి లోపలికి తేవడం ఎవరి వల్లా కాకపోతే పిచ్చుకే తెచ్చింది. కానీ ఆ సంబరంలో రెండో అంకంలో రావలసిన అడవిని మొదటి అంకంలోనే రాజుగారి వెనక నిలబెట్టింది. రాజుగారు సింహాసనం కోసం చెట్ల మధ్య వెతుక్కోవలసి వచ్చింది.

నాన్న సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన బస్సు డ్రైవరు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన రూటులోనే ఇప్పటికీ తిరుగుతున్నాడు. ఆయన బస్సు వచ్చిందంటే ఆ వీధిలో కొందరు గడియారాలు సరిచేసుకునేవారు. ఎవరినీ ఏమీ అడగడం ఆయనకు చేతకాదు. అటువంటి మనిషి, రోజూ తన వెనక సీట్లోనే కూర్చుని వెళ్ళే ఇన్సూరెన్సు మేనేజరుగారిని ఒకరోజు ఎర్రదీపం దగ్గర, తల తిప్పకుండా, రోడ్డు వైపే చూస్తూ, "సార్, మా అమ్మాయిని ఒక్కసారి ఇంటర్వ్యూ చేస్తారా?" అని అడిగాడు. ఆ ప్రశ్న తననే అడిగారని మేనేజరుగారికి అర్థమయ్యేసరికి బస్సు రెండు స్టాపులు దాటిందట.

"చొక్కా చేతులు కాస్త పొడుగైనట్టున్నాయే. కొలిచి లోపలికి మడిచి కుడతా. టేపేది?" అంది అమ్మ, సూది నోట్లో పెట్టుకుని.

"పై ఇంటి హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగితే మొన్న మెట్ల మీద ఇచ్చాను."

"సరేలే, కళ్ళతోనే కొలుస్తా."

ఆ ఇంట్లో కొలతలకు ఒక పద్ధతి ఉంది. పిచ్చుక కత్తెరకు బలైన ఆ టేపు ఇప్పుడు ఏడో అంగుళంతో మొదలవుతుంది. పరదాలైనా, దిండు గలీబులైనా, ఆ టేపుతో కొలిచి, వచ్చిన అంకెలోంచి ఆరు తీసేయడం అందరికీ అలవాటైపోయింది. కొత్తది కొందామని ఎవరైనా అంటే, "ఎందుకు, బాగానే ఉందిగా. ఆరు తీసేస్తే సరిపోతుంది" అనేది అమ్మ.

చేతులు కుట్టి, దారం కొరికి, అమ్మ గొంతు తగ్గించింది. "ఆయన అడిగినవాటికి సమాధానం చెప్పు. మధ్యలో కిటికీలోంచి బయటికి చూడకు. మీ నాన్న ఆ ఒక్క మాట అడగడానికి నెల్లాళ్ళు అద్దం ముందు సాధన చేశారు తెలుసా?"

పిచ్చుకకు తెలియదు. ఉద్యోగం రాకపోయినా తనకేం కొత్త కాదు. నాన్న అడిగిన ఒకే ఒక్క మాట వృథా పోకూడదు. ఫైలు చంకలో పెట్టుకుని, ఇవాళైనా దేన్నీ మధ్యలో వదలకూడదని గట్టిగా అనుకుంటూ గుమ్మం దాటింది.

ఒక వరస మెట్లు దిగి, మలుపు దగ్గర ఆగిపోయింది. మలుపు లేదు. అది ఉండవలసిన చోట ముదురాకుపచ్చ రంగు సోఫా ఒకటి ఉంది. దాని ఒక కొన కింద నేలకూ, రెండో కొన పైకప్పుకూ ఆనుకుని, ఒక చెయ్యి గోడ సున్నంలోకి దిగబడి ఉంది. అది కదిలేలా లేదు. ఇవతల మెట్టు మీద బక్కగా ఉన్న ఒక మనిషి కూర్చుని మెడ తుడుచుకుంటున్నాడు. సామాను మోసే మేస్త్రీ అని చూస్తేనే తెలుస్తోంది.

"కొంచెం దారిస్తారా? అర్జెంటుగా దిగాలి."

"నేనివ్వడానికేం మిగిలిందమ్మా, దారంతా అదే తీసుకుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"ఆ సంగతి నన్నడక్కు. అవతలున్న పెద్దమనిషినడుగు."

"ఆయన్నే చెప్పమనండి. ఆయనకి అన్నీ తెలుసుగా," అంది అవతలి నుంచి ఒక గొంతు, రొప్పుతూ.

వాళ్ళిద్దరూ అన్నదమ్ములు. పెద్ద మేస్త్రీ ఎప్పుడూ సామానుకు పైవైపు పట్టుకుంటాడు, చిన్న మేస్త్రీ కిందివైపు. మెట్లెక్కేటప్పుడు బరువంతా ఎవరి మీద పడుతుందో మోసినవాళ్ళకే తెలుసు. ఇవాళ పొద్దున చిన్న మేస్త్రీ, "ఇవాళ నేను పైవైపు పట్టుకుంటా" అన్నాడు. దుకాణంలో నలుగురి ముందు పెద్ద మేస్త్రీ, "పైవైపు సంగతి నీకేం తెలుసు?" అన్నాడు. అప్పటినుంచి మాటల్లేవు. రెండంతస్తుల దాకా మౌనంగానే నెగ్గుకొచ్చారు. మలుపు దగ్గర మాత్రం ఎవరో ఒకరు 'ఆగు' అనాలి. ముందు ఎవరనాలన్న పంతంలో ఎవరూ అనలేదు. ఇటునుంచి ఒకడు లాగాడు, అటునుంచి ఒకడు తోశాడు, సోఫా పాపం ఇద్దరి మాటా విని మధ్యలో ఇరుక్కుంది.

"కొంచెం పైకెత్తమని చెప్పమ్మా," అన్నాడు పెద్ద మేస్త్రీ.

సోఫా వీపుకీ గోడకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉంది. పిచ్చుక అక్కడ నోరు పెట్టింది. "కొంచెం పైకెత్తమంటున్నారండీ."

"ఎత్తితే నా నడుముకి జవాబు ఎవరు చెప్తారో అడగండి."

"నడుముకి..."

"వినపడిందమ్మా. నాకూ చెవులున్నాయి. నాకూ నడుముందని చెప్పు."

"ఆయనక్కూడా నడుముందటండీ."

"ఉండే ఉంటుంది. దాంతో పనేం పడిందని?"

ఈ రాయబారం ఇలా సాగుతుండగా పై నుంచి చెప్పుల చప్పుడైంది. నాలుగో అంతస్తు హెడ్‌మిస్ట్రెస్ గారు దిగివచ్చారు. సోఫా ఆవిడదే. రిటైరైనా గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"పట్టకపోవడం అంటూ ఉండదు. ఒకటికి రెండుసార్లు కొలిచాను. లెక్కలు చెప్పినదాన్ని నేను. మలుపులో ఎనభై నాలుగు అంగుళాల చోటుంది. సోఫా ఎనభై రెండు అని దుకాణంలో రాసిచ్చారు. ఇంకా రెండంగుళాలు మిగలాలి. మిగల్లేదంటే దుకాణంవాళ్ళైనా మోసం చేసి ఉండాలి, మీ ఇద్దరిలో ఒకరికైనా పని రాకపోయి ఉండాలి."

"విన్నారా? పని రానివాళ్ళెవరో ఆయన్నే చెప్పమనండి," అన్నాడు అవతలి నుంచి చిన్న మేస్త్రీ.

ఆవిడ చేతిలో పసుపుపచ్చ టేపు ఊగుతోంది. దాని కొన వంకరటింకరగా తెగి ఉంది. ఆ వంకర పిచ్చుకకు బాగా తెలుసు, ఆ కత్తెర పట్టుకున్నది తనే. టేపు ఇచ్చిన రోజు మెట్ల మీద హడావిడిగా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆరు తీసేయాలన్న మాట చెప్పలేదు. ఎనభై నాలుగులోంచి ఆరు పోతే డెబ్భై ఎనిమిది. అంటే సోఫాకు ఇంకో నాలుగంగుళాలు కావాలి. ఈ మలుపులో అది నిన్నా పట్టేది కాదు, రేపూ పట్టదు. పిచ్చుక గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

ఆ వెలక్కాయను కక్కుదామని నోరు తెరిచిందో లేదో, వీధిలోంచి రెండు పొట్టి హారన్లు వినిపించాయి. నాన్న బస్సు.

నాన్న అవసరం లేకుండా హారన్ కొట్టడు. పిచ్చుక సందులోంచి అవతలికి, "మీరొక్కసారి కిందికెళ్ళి, నేను రాలేను, వెళ్ళిపొమ్మని ఆ బస్సుకి చెప్తారా?" అంది.

"నేను వదిలితే ఇది కూడా నా వెనకే వస్తుందమ్మా," అన్నాడు చిన్న మేస్త్రీ. సోఫా ఆయన భుజం మీదే ఉంది మరి.

ఇంతలో ఎంతకీ అమ్మాయి రాలేదని బస్సు కండక్టరమ్మే పైకి వచ్చింది. నిండైన మనిషి, మెళ్ళో విజిల్. ఆ అడుగుల చప్పుడు విని పిచ్చుక సందులోంచి చెయ్యి చాచి గట్టిగా ఊపింది. కండక్టరమ్మకు కనిపించింది ఏమిటంటే, పైకప్పు దాకా లేచిన సోఫా, దాన్ని ప్రాణం పెట్టి మోస్తున్న మనిషి, ఆ సోఫాకూ గోడకూ మధ్య గిలగిల కొట్టుకుంటున్న ఒక ఆడపిల్ల చెయ్యి. ఇక ప్రశ్నలు అడిగే స్థిమితం ఎవరికుంటుంది? వచ్చిన దానికి రెట్టింపు వేగంతో కిందికి పరిగెత్తింది.

"డ్రైవరుగారూ, మీ అమ్మాయి సోఫా కింద పడి నలిగిపోతోంది," అంది.

నాన్న ఇంజను ఆపేశాడు. ఆ రూటు మొదలైన తర్వాత దారి మధ్యలో ఆ బస్సు ఇంజను ఆగడం అదే మొదటిసారి. సీటు కింది పనిముట్ల పెట్టె పట్టుకుని దూకాడు. ఆయన వెనక కండక్టరమ్మ, ఆవిడ వెనక ప్రయాణికులు. బస్సు వెనక ఆగిన బండ్లు ఎందుకాగాయో తెలియక హారన్లు మొదలుపెట్టాయి. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పారు. వార్త మెట్ల దగ్గర ఉన్నప్పుడు నలిగింది ఒక చెయ్యే. గేటు దాటేసరికి కాళ్ళు కూడా చేరాయి. వీధి చివరకు వెళ్ళేటప్పటికి అది సోఫా కాదు, ఏకంగా గోడే, దాని కింద ఉన్నది ఒకరు కాదు, కుటుంబం మొత్తం.

"తల్లీ, ఊపిరాడుతోందా?" అన్నాడు నాన్న అవతలి నుంచి.

"ఆడుతోంది నాన్నా. నాకేం కాలేదు."

"భయపడకు. జాకీ తెచ్చాను. నీ మీంచి దాన్ని లేపేస్తా."

"నేను దాని కింద లేను నాన్నా. దాని పైన ఉన్నా."

"పైకెందుకెక్కావే?"

"ఎక్కలేదు. పై మెట్ల మీద ఉన్నా. దిగడానికి దారి లేదు, అంతే."

అవతల నాన్న మెట్టు మీద కూలబడిన చప్పుడైంది. ఆయనకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో పిచ్చుకకు కనిపించలేదు. తర్వాత, "మరి ఇంటర్వ్యూ?" అన్న మాట మాత్రం వినిపించింది.

"నేనిక్కడే ఉన్నానండీ," అంది ఇంకో గొంతు.

మేనేజరుగారు. బస్సు కదలకపోతే ఆయన మాత్రం ఆఫీసుకెలా వెళ్తారు? అందరితో పాటు ఆయనా పైకి వచ్చారు. పద్ధతి తప్పని మనిషి. వాచీ చూసుకున్నారు. "పదింటికి ఇంటర్వ్యూ అన్నాను. పదయింది. మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. మొదలుపెడదామా?"

పిచ్చుకకు సందులోంచి కళ్ళద్దాలలో ఒక అద్దం, సగం మీసం కనిపిస్తున్నాయి. ఆయనకు తనెంత కనిపిస్తోందో తెలియదు. అయినా కాలర్ సరిచేసుకుని, సర్టిఫికెట్ల ఫైలును సందులోంచి అవతలికి నెట్టింది.

"మీరు ఎక్కడా ఎక్కువకాలం పనిచేసినట్టు లేదు. కారణం?"

"మొదలుపెట్టేటప్పుడు అంతా బాగానే ఉంటుందండీ. మధ్యలోకి వచ్చాక ఇరుక్కుపోతాను."

"నిజమే, మధ్యలోనే ఉంటుంది చిక్కంతా," అన్నాడు పెద్ద మేస్త్రీ పక్కనుంచి. ఆయన్నెవరూ అడగలేదు.

"ఐదేళ్ళ తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?"

"ముందు ఈ మెట్ల కింద ఉంటే చాలండీ."

అవతల ప్రయాణికులు నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. "మీలో ఉన్న పెద్ద లోపం ఏమిటి?"

ఆ ప్రశ్నకు జవాబు ఇంటి దగ్గర అమ్మతో కలిసి తయారుచేసుకుంది. అతిగా కష్టపడటం నా లోపమండీ అని చెప్పాలి. చెప్పబోతుంటే పక్కన హెడ్‌మిస్ట్రెస్ గారు, "ఆ దుకాణం మీద ఫిర్యాదు చేస్తాను. ఈ మేస్త్రీల మీదా చేస్తాను. నా కొలతలో తప్పు లేదు" అన్నారు. అవతల చిన్న మేస్త్రీ, "సరే, తప్పు నాదే అనుకోండి. ఆయన కూడా అదే అనుకుంటున్నాడుగా. ఇవాళ్టితో సరి. ఇది దించాక నా దారి నాది, ఆయన దారి ఆయనది" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. ఇవతల పెద్ద మేస్త్రీ మెడ తుడుచుకోవడం ఆపేశాడు. ఆ ముఖం చూడలేక పిచ్చుక తల దించుకుంది.

ఇప్పుడు చెప్తే ఉద్యోగం పోతుంది. అన్నిటికన్నా, నాన్న అద్దం ముందు నెల్లాళ్ళు నేర్చుకున్న మాట పోతుంది, అదీ ఆయన ప్రయాణికులందరి ఎదుట. చెప్పకపోతే ఒక టేపు ముక్క కోసం అన్నదమ్ములు విడిపోతారు. ఇవాళ దేన్నీ మధ్యలో వదలనని పొద్దునే కదా అనుకుంది.

"నా పెద్ద లోపం ఆ టేపండీ," అంది.

"ఏ టేపు?"

"హెడ్‌మిస్ట్రెస్ గారి చేతిలో ఉన్నది. అది నాది. మొదటి ఆరంగుళాలు నేనే కత్తిరించేశాను. మా ఇంట్లో కొలిచాక ఆరు తీసేస్తాం. ఆ సంగతి ఆవిడకి చెప్పడం మర్చిపోయాను. మలుపులో ఉన్న చోటు డెబ్భై ఎనిమిదే. దుకాణంవాళ్ళ తప్పు లేదు, మేస్త్రీలదీ లేదు. కింద బస్సు ఆగిందన్నా, ఇంతమంది ఆఫీసులు పోయాయన్నా, అంతా నా వల్లే."

వీధిలో హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. పిచ్చుకకు కళ్ళు మండాయి. సందులోంచి నాన్న ముఖం కనిపించనందుకు మొదటిసారి ఆ సోఫాకు మనసులో దణ్ణం పెట్టుకుంది.

హెడ్‌మిస్ట్రెస్ గారు టేపును తిప్పి మొదటి కొన చూశారు. ఏడు అంకె ఆవిడ వైపు చూసింది. "మొదలు చూడలేదు," అన్నారు మెల్లగా. "నేనే. క్లాసులో గొంతు చించుకుని చెప్పేదాన్ని, ముందు మొదలు చూడండర్రా అని."

"అంటే పైవైపు తప్పు కాదన్నమాట," అన్నాడు పెద్ద మేస్త్రీ గాలిలోకి.

"కిందివైపుదీ కాదు," అన్నాడు చిన్న మేస్త్రీ, అదీ గాలిలోకే.

"నాలుగంగుళాలు ఎక్కణ్ణుంచి తెస్తాం? గోడైనా కొట్టాలి, సోఫా అయినా కొయ్యాలి," అంది కండక్టరమ్మ.

కొయ్యడం అన్న మాట వినగానే పిచ్చుక చూపు సోఫా చేతి మీదికి పోయింది. లావుపాటి చెయ్యి, కొనదాకా మెత్త. ఇటువంటిదాన్నే ఒకసారి పూర్తిగా విప్పింది. "కొయ్యక్కర్లేదు. ఈ రకానికి చేతులు బోల్టులతో బిగిస్తారు. అడుగున నల్లగుడ్డ కుట్టి ఉంటుంది, దాని వెనక ఉంటాయి. ఒక చెయ్యి తీసేస్తే నాలుగు కాదు, ఎనిమిది అంగుళాలు దొరుకుతాయి."

"మీకెలా తెలుసు?" అన్నారు మేనేజరుగారు.

"దుకాణంలో విప్పి చూశానండీ."

"తర్వాత?"

"ఉద్యోగం పోయింది."

"కొత్త సోఫా, అమ్మాయ్," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆజ్ఞలా మొదలైన ఆ మాట బతిమాలినట్టు ముగిసింది.

"గుడ్డ చింపనండీ. కుట్టు విప్పి, మళ్ళీ అదే కుట్టు వేస్తా."

పై మెట్టు మీద ఎప్పుడొచ్చి నిలబడిందో అమ్మ, అడక్కుండానే కత్తెరా సూదీ దారం అందించింది. అవతల నాన్న పనిముట్ల పెట్టె తెరిచాడు. ఒక్కొక్క పానానే సందులోంచి ఇవతలికి అందించడం మొదలుపెట్టాడు. రెండు చిన్నవయ్యాయి, ఒకటి పెద్దదైంది, నాలుగోది పట్టింది. అందించేటప్పుడు ఆ చెయ్యి పిచ్చుక వేళ్ళను ఒక్క క్షణం పట్టుకుని వదిలింది. ఆ ఒక్క క్షణంతో పిచ్చుకకు సగం బలం వచ్చింది.

ఇంటర్వ్యూ చొక్కాతోనే సోఫా కిందికి దూరింది. సున్నం జుట్టు మీద రాలింది, మడిచి కుట్టిన చేతులకు నూనె అంటింది. కుట్టు విప్పి, బోల్టులు తిప్పి, చెయ్యి ఊడదీసి అమ్మకు ఇచ్చింది. అమ్మ దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పక్కకు నిలబడింది.

"ఇప్పుడు పడుకోబెట్టి తిప్పకూడదు. నిలబెట్టాలి. నాటకాల్లో మేం అంతఃపురాన్ని అలాగే తెచ్చాం. ముందు ఈ తల దూరాలి, తర్వాత నడుము తిరగాలి. ఇద్దరూ ఒకేసారి కదలాలి," అంది.

ఒకేసారి కదలాలంటే ఒకరితో ఒకరు మాట్లాడాలి. అన్నదమ్ములు చెరో గోడ వైపు చూశారు. కండక్టరమ్మ మెళ్ళోంచి విజిల్ తీసింది. "ఒకటి ఊదితే ఆగండి. రెండు ఊదితే కదలండి. ఈ మాత్రానికి మాటలెందుకు?"

పిచ్చుక చెయ్యెత్తి చూపిస్తే విజిల్ మోగింది. రెండు విజిళ్ళకు సోఫా లేచి నిలబడింది. ఒకటికి ఆగింది. "ఎడమకి, ఇంకొంచెం, చాలు" అని పిచ్చుక అంటోంది, అవతల నుంచి ప్రయాణికులు కూడా దాన్నే వల్లిస్తున్నారు. సోఫా తల మలుపు దాటింది. నడుము తిరుగుతుండగా బరువంతా ఒక్కసారిగా కిందికి జారింది. విజిల్ కండక్టరమ్మ నోట్లోనే ఉంది, ఊదే లోపల పెద్ద మేస్త్రీ అరిచాడు.

"తమ్ముడూ, ఆగు. కాలు చూసుకో."

అంతా బిగుసుకుపోయారు.

"చూసుకున్నానన్నా," అన్నాడు చిన్న మేస్త్రీ.

తర్వాత విజిల్ అవసరం పడలేదు. సోఫా మూడో అంతస్తుకు చేరింది. ఖాళీ అయిన మలుపులోంచి ఇవతలివాళ్ళూ అవతలివాళ్ళూ ఒకరినొకరు మొదటిసారి పూర్తిగా చూసుకున్నారు. మేనేజరుగారు పిచ్చుక అనుకున్నంత పొడుగు లేరు. నాన్న చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

మేనేజరుగారు ఫైలు తిరిగి ఇచ్చారు. "ఉద్యోగం మీదే. తప్పు నాదని ఇంతమంది సాక్షుల ముందు ఒప్పుకున్న మనిషిని మా ఇన్సూరెన్సు వ్యాపారంలో నేనింతవరకు చూడలేదు. ఒక కుర్చీ, ఒక బల్ల ఇస్తాం. పొద్దున కూర్చుంటే మళ్ళీ సాయంత్రం దాకా లేవక్కర్లేదు."

ఆ చివరి మాట మంచి మనసుతోనే అన్నారు. పిచ్చుకకు మాత్రం వెన్నులో ఏదో పాకినట్టయింది. అప్పుడే పెద్ద మేస్త్రీ తమ్ముడి వైపు చూశాడు, తమ్ముడు తల ఊపాడు.

"అమ్మా, మాక్కూడా ఒక మనిషి కావాలి. ముందుగా వెళ్ళి ఏది ఎలా పడుతుందో చూసి, పని జరిగేటప్పుడు మా మధ్య నిలబడి చెప్పే మనిషి. ఇంతకాలం అలాంటి మనిషి కావాలని మాకే తెలియలేదు."

"కొలతలు కూడా తీసుకోవాలి," అన్నాడు చిన్న మేస్త్రీ. "టేపు మేమిస్తాం."

పిచ్చుక నాన్న వైపు చూసింది. వస్తానని నోటిదాకా వచ్చింది, కానీ ఆయన్ను చూశాక మాట ఆగిపోయింది. నాన్న పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెడుతున్నాడు. చివరిది పెట్టి మూత వేశాకే తలెత్తాడు.

"నాకు తెలిసింది ఒక్కటే రూటు. నా బస్సెక్కితే నేను వెళ్ళే చోటికే తీసుకెళ్ళగలను. నీ స్టాపు ఇక్కడే అయితే ఇక్కడే దిగు తల్లీ."

పిచ్చుక ఏడ్చేసింది. సున్నం, నూనె, కన్నీళ్ళు కలిసి ముఖమంతా అయింది. అమ్మ సోఫా చెయ్యిని కింద పెట్టకుండానే కొంగుతో తుడిచింది.

"సార్, మీరేం అనుకోకండి..." అన్నాడు నాన్న మేనేజరుగారితో. ఈసారి తల తిప్పే మాట్లాడాడు.

"ఇందులో అనుకోవడానికేముంది? మీరడిగింది ఇంటర్వ్యూ. అది సక్రమంగా జరిగింది. ఇక బస్సు తీస్తారా?"

బస్సు కదిలింది. ఆ రోజు ఆ వీధిలో గడియారాలు సరిచేసుకున్నవాళ్ళందరూ ఆఫీసులకు ఆలస్యంగా వెళ్ళారు.

పై మలుపు దగ్గర కూడా సోఫా అదే పాఠం అప్పజెప్పి నాలుగో అంతస్తు చేరింది. పిచ్చుక చెయ్యి బిగించింది, నల్లగుడ్డ కుట్టింది. విప్పిన గుర్తు వెతికినా కనపడలేదు. మేస్త్రీలు దాన్ని కిటికీ పక్క గోడ వారగా, హెడ్‌మిస్ట్రెస్ గారు చూపించిన చోట పెట్టారు. ఆవిడ తృప్తిగా చూసి, వీధి తలుపు వెయ్యబోయారు. పడలేదు. తలుపు సోఫా చేతికి తగిలి ఆగిపోయింది. తలుపు మూయాలంటే సోఫా బయటుండాలి, సోఫా లోపలుండాలంటే తలుపు ఎప్పటికీ తెరిచే ఉండాలి.

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ తన చేతిలోని టేపు వైపు చూసుకున్నారు.

"ఇక్కడ కూడా దీంతోనే కొలిచాను," అన్నారు. రెండు వేళ్ళతో పట్టుకుని ఆ టేపును పిచ్చుకకు తిరిగి ఇచ్చేశారు.

మర్నాడు పొద్దున పిచ్చుక వేసుకున్న పథకం కూడా సులువైనదే. ఒక అంతస్తు ఎక్కడం, సోఫాతో సహా నాలుగు దిగడం, దుకాణంలో ఇచ్చి చిన్నది తేవడం. మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి పెద్ద మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే కిందివైపు నిలబడి భుజం సవరించుకుంటున్నాడు. వీధిలోంచి రెండు పొట్టి హారన్లు వినిపించాయి, బస్సు మాత్రం ఆగలేదు.

ఇంట్లోంచి బయల్దేరే ముందు పిచ్చుక పాత టేపును చెత్తబుట్టలో పడేసింది. అమ్మ దాన్ని తీసి, దులిపి, చుట్ట చుట్టి మళ్ళీ కుట్టు డబ్బాలో పెట్టింది.

"బాగానే ఉందిగా," అంది. "ఆరు తీసేస్తే సరిపోతుంది."